మర పట్టించిన గోధుమపిండితో చపాతీలు గట్టిగా ఎందుకు వస్తున్నాయి? ఆ పిండిని ఇంకా వేటికి వాడొచ్చు?

చాలావరకు తప్పు నీళ్ల దగ్గరే జరుగుతుంది. పొట్టుతో సహా మర పట్టిన పిండి నీటిని నెమ్మదిగా, ఎక్కువగా పీలుస్తుంది. కలిపిన వెంటనే మెత్తగా అనిపించిన ముద్ద అరగంటకు బిగుస్తుంది. అందుకే 2 కప్పుల పిండికి సుమారు ఒక కప్పు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, చేతికి కాస్త అంటుకునేంత మెత్తగా కలిపి, తడిబట్ట కప్పి 30 నిమిషాలు వదిలేయండి. పెనం బాగా కాలాకే చపాతీ వేయాలి. సన్నమంట మీద ఎక్కువసేపు ఉంటే తేమంతా పోయి అప్పడంలా అవుతుంది.

పూరీకి మాత్రం ముద్ద గట్టిగా ఉండాలి, ఎక్కువసేపు నాననివ్వకూడదు. లేకపోతే నూనె పీల్చేస్తుంది.

అట్లకైతే కప్పు పిండికి పావు కప్పు బియ్యప్పిండి, పల్చటి మజ్జిగ, జీలకర్ర, పచ్చిమిర్చి చాలు. బియ్యప్పిండి లేకుంటే అట్టు సాగుతుంది, కరకరలాడదు.

పొట్టు జల్లించి పారేయకండి, పీచు చాలావరకు అందులోనే ఉంది. మర నుంచి తెచ్చిన వేడి పిండిని ఆరబెట్టాకే డబ్బాలో పోయండి. గోధుమ గింజలో మొలకెత్తే భాగంలోని నూనె వల్ల ఇది మైదా కంటే త్వరగా ముక్కిపోతుంది. ఎండాకాలంలో నెలకు సరిపడా మాత్రమే పట్టించుకోండి.