సూపర్‌చార్జర్ బిగించే బోటు ఇంజన్‌కు ఏ పిస్టన్లు మేలు?

మీరు 7.4 లీటర్ల బిగ్ బ్లాక్ వి8 ఇంజన్‌కు రూట్స్ రకం సూపర్‌చార్జర్‌తో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రం) 0.5 బార్ బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇవ్వాలనుకుంటున్నారు. చప్పుడు తక్కువని 4032 అనే అల్యూమినియం మిశ్రలోహపు పిస్టన్లు తీసుకుని, కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు కుదించబడుతుందో చెప్పే అంకె) 9.5 దగ్గరే ఉంచవచ్చా అని అడిగారు. బోటు ఇంజన్లు విప్పి బిగించే పనిలో ఉన్నవాడిగా నేనైతే 2618 అనే అల్యూమినియం మిశ్రలోహాన్ని గట్టిగా ఒత్తి మలచిన (ఫోర్జ్‌డ్) పిస్టన్లు తీసుకుని, కంప్రెషన్‌ను 8కీ 8.5కీ మధ్య ఉంచుతాను.

కారు ఇంజన్ పూర్తి బలంతో పనిచేసేది కొన్ని క్షణాలే, ఆ తర్వాత దానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. బోటుకు పల్లం ఉండదు. ప్రొపెల్లర్ తిప్పడానికి కావలసిన శక్తి దాదాపుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 4000 ఆర్‌పీఎమ్ నుంచి 4800కు వెళ్లాలంటే సుమారు 1.7 రెట్లు శక్తి కావాలి, అది కూడా ఎంతసేపు నడిపితే అంతసేపూ కావాలి. పిస్టన్ క్రౌన్‌కు (పై ముఖానికి) చల్లబడే అవకాశమే ఉండదు. దీనికి తోడు ఎగ్జాస్ట్ హోరులో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలైన సంగతి నడిపేవారి చెవిన పడదు. 16 నుంచి 18 శాతం సిలికాన్ ఉండే హైపర్‌యూటెక్టిక్ రకం పోత (కాస్ట్) పిస్టన్ అలాంటి దెబ్బకు గాజులా పగులుతుంది. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం. అది ఫోర్జ్‌డ్ పిస్టనే అయినా కొంత పెళుసు. 2618లో సిలికాన్ నామమాత్రం కాబట్టి అది పగలడానికి ముందు కొంత సాగి తట్టుకుంటుంది. పిస్టన్ చుట్టూ ఉండే మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే గట్టు (ల్యాండ్) ముక్కగా విరిగిపోయి, క్రౌన్ మాత్రం చెక్కుచెదరని పిస్టన్లను నేను సూపర్‌చార్జర్ ఉన్న బోటు ఇంజన్ల నుంచి బయటికి తీశాను. అవి గట్టి పిస్టన్లే, కానీ సాగే గుణం లేనివి.

2618 ఎక్కువ వ్యాకోచిస్తుందన్నది నిజమే, అందుకే క్లియరెన్స్ (పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఖాళీ) లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. మీ ఇంజన్ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) దాదాపు 108 మిల్లీమీటర్లు. స్కర్ట్ (పిస్టన్ కింది గోడ భాగం) 90 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే పిస్టన్ 0.21 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పోత ఇనుప బ్లాక్ 60 డిగ్రీలు వేడెక్కితే బోర్ 0.07 పెరుగుతుంది, అంటే ఖాళీ 0.14 తగ్గుతుంది. బయటి నీళ్లే నేరుగా బ్లాక్‌లో తిరిగే పద్ధతిలో బోర్ చల్లగా ఉండి 40 డిగ్రీలే పెరిగిందనుకోండి, తగ్గేది దాదాపు 0.17 అవుతుంది. కారుకు చెప్పిన కొలతతో బోటు పిస్టన్ పట్టేయడానికి ఇదే కారణం. తయారీదారు ఇచ్చిన పత్రంలో మెరైన్, సూపర్‌చార్జర్ వాడకానికి ప్రత్యేకంగా రాసిన అంకెనే అనుసరించండి. ఈ సైజు బోర్‌కు అది సాధారణంగా 0.15కూ 0.20కీ మధ్య, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువగా ఉంటుంది. చల్లని ఇంజన్‌లో స్కర్ట్ కాస్త టకటకలాడుతుంది, వేడెక్కాక సద్దుమణుగుతుంది. ఆ చప్పుడు తప్పించుకోవడానికి 4032 ఎంచుకోవడం నాకు సరైన బేరంగా తోచదు.

రింగ్ గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య ఖాళీ) మీద కూడా ఇంతే శ్రద్ధ కావాలి. మొదటి రింగుకు బోర్‌లో ప్రతి 25 మిల్లీమీటర్లకు 0.15 నుంచి 0.18 చొప్పున లెక్కిస్తే మీకు సుమారు 0.65 నుంచి 0.78 వస్తుంది, రెండో రింగుకు దానికంటే కొంచెం ఎక్కువ ఇవ్వండి. ప్రతి రింగునూ అది పనిచేసే సిలిండర్‌లోనే వంకర లేకుండా సమంగా దించి ఫీలర్ గేజ్‌తో (పలుచని కొలత రేకులతో) కొలవండి. ఎప్పుడైనా ఇంజన్ విప్పినప్పుడు రింగు కొసలు అద్దంలా మెరుస్తుంటే, అవి వేడికి వ్యాకోచించి ఒకదానికొకటి తగిలాయన్నమాట. తర్వాతి దశలో విరిగేది రింగ్ ల్యాండే.

కంప్రెషన్ విషయం తేలికగానే తేలుతుంది: 0.5 బార్ బూస్ట్‌తో మోటు లెక్కలో 8 కాస్తా 12 అవుతుంది, 9.5 అయితే 14 దాటుతుంది. క్రౌన్ మందంగా, మొదటి రింగు కొంచెం కిందికి, గజన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్) దళసరి గోడతో ఉన్న పిస్టన్లను అడగండి. కొత్త పిస్టన్, పిన్ బరువు పాతవాటితో సరిపోలదు కనుక, బిగించే ముందు ఆ బరువులతో క్రాంక్‌షాఫ్ట్‌ను తప్పక బ్యాలెన్స్ చేయించండి.