రాతిపువ్వు ఎందుకు ఎర్రబడింది?

ప్రశ్న: మా పక్కింటి మరాఠీ వహినీ (వదిన) గోడా మసాలా అనే వాళ్ల మసాలా పొడిలోకి దగడ్ ఫూల్ తెచ్చింది, అదే మన రాతిపువ్వు. బట్టలకు కలిపిన బ్లీచింగ్ నీళ్లు ఆ పొట్లం మీద చిందితే విరిగిన అంచులు ఎర్రబడ్డాయి, పైభాగం మాత్రం మారలేదు. రంగు వేసి అమ్ముతున్నారా? మా గుట్ట బండల మీదిది గీకి వాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, దెగ్లూర్, నాందేడ్ జిల్లా

జవాబు: టెన్షన్ పడకండి, అది రంగు కాదు. రాతిపువ్వు ఒక లైకెన్, లైకెన్లను గుర్తుపట్టేవాళ్లు చేసే పరీక్షనే మీరు తెలియకుండా చేశారు, 1866లో నైలాండర్ అనే ఫిన్లండ్ శాస్త్రవేత్త మొదలుపెట్టింది. అంగట్లో రాతిపువ్వు పేరుతో రకరకాల లైకెన్లు కలిసే వస్తాయి, వాటిలో ఎక్కువగా కనిపించేది పార్మోట్రెమా టింక్టోరమ్. పేరుకు రాతిపువ్వే గానీ చెట్ల బెరడు మీద కూడా పెరుగుతుంది. లైకెన్ అంటే ఒకే మొక్క కాదు, నాచుకు ఇల్లు కట్టి ఇచ్చిన బూజు అనుకోండి. ఒక ముక్క విరిచి వెలుతురులో చూడండి: పైన బూడిద రంగు తోలు, దాని కింద పచ్చటి నాచు గీత, ఆ కింద దూదిలాంటి తెల్లపొర, అడుగున నలుపు. ఎర్రబడే లెకనోరిక్ ఆమ్లం ఉండేది ఆ దూదిలోనే. పైతోలులో ఉండేది ఎట్రనోరిన్ అనే వేరే రసాయనం, దానికి బ్లీచింగ్‌తో పని లేదు, అందుకే విరిగినచోట మాత్రమే రంగు వచ్చింది. అదీ ఎంతోసేపు నిలవదు.

ఈ ఆమ్లమే అమ్మోనియాలో గాలి తగిలేలా వారాల తరబడి నానితే ఊదారంగు అవుతుంది. పాతకాలపు యూరప్ అద్దకంవాళ్లు అమ్మోనియా కోసం పులిసిన మూత్రం వాడేవాళ్లు, చెప్పుకోడానికే కంపు! బళ్లో మనం ముంచి చూసిన లిట్మస్ కాగితం రంగూ ఇలా లైకెన్ల నుంచి వచ్చిందే.

ఇక గుట్ట సంగతి. గీకకండి. చూడకుండా అది ఏ జాతో నేను చెప్పలేను, బండకు అతుక్కుని గోరుతో లేవకపోతే అసలు ఈ ఆకులాంటి రకమే కాదు. పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటే అందులో అస్నిక్ ఆమ్లం అనే ఇంకో లైకెన్ రసాయనం ఉండొచ్చు, అది వేరే జాతి. వేర్లు లేవు కాబట్టి లైకెన్ గాలిలోని దుమ్మునూ లోహాలనూ ఒంట్లోకి పీల్చుకుంటుంది. పైగా చాలావరకు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది, అరచేయంత ముక్కకు ఎన్నేళ్లు పట్టి ఉంటుందో లెక్కేసుకోండి.

బ్లీచింగ్ తగిలిన ఆ పొట్లం మాత్రం పారెయ్యమనండి, వహినీ కోప్పడితే నా పేరు చెప్పండి.