నాన్నగారి వాచీ ముందుకు పరిగెడుతోంది

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా, కీ ఇచ్చే వాచీ, రోజూ పెట్టుకుంటున్నాను. పది రోజులుగా రోజుకు పావుగంట ముందుకు వెళ్తోంది. కీ ఎక్కువ ఇవ్వడం వల్లేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కాదండీ. ఉన్నట్టుండి ఇంత తేడా వస్తే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. రాత్రి స్పీకరు పక్కనో, మాగ్నెట్ మూత ఉన్న ఫోన్ కవరు మీదో పెడుతున్నారేమో చూడండి. లోపల వెంట్రుకంత సన్నటి హెయిర్‌ స్ప్రింగ్ ఉంటుంది. దాని చుట్లు అంటుకుపోతే పనిచేసే పొడవు తగ్గి, సెకనుకు 5 సార్లు టిక్కుమనాల్సిన వాచీ వేగం పెంచుతుంది. మెకానిక్ దగ్గర డీమాగ్నటైజర్ (అయస్కాంత ప్రభావం తీసే పరికరం) మీద పెడితే నిమిషంలో పోతుంది. అది చేయకుండా రెగ్యులేటర్ (వాచీ వేగం సవరించే చిన్న మీట) జరిపి సరిచేస్తానంటే ఒప్పుకోకండి. అప్పటికీ తగ్గకపోతే స్ప్రింగుకు నూనె అంటి ఉండొచ్చు, విప్పి కడిగించాల్సిందే.

కీ రోజూ ఉదయం ఒకే వేళకు, వాచీ చేతి నుంచి తీసి ఇవ్వండి. చేతికి ఉండగా తిప్పితే కీ కాడ పక్కకు లాగబడి అరుగుతుంది. గట్టిగా తగలగానే ఆపండి, ఆపైన బలవంతం వద్దు.

మన ఎండల్లో అసలు శత్రువు చెమట. కీ సందులోంచే లోపలికి దిగుతుంది. ఇంటికి రాగానే వెనక మూత, కీ చుట్టూ పొడి గుడ్డతో తుడవండి. అద్దంలో ఆవిరి కనిపిస్తే ఎండలో పెట్టకుండా అదే రోజు విప్పించండి. ఆలస్యమైతే ఉక్కు భాగాలు తుప్పు పడతాయి.