కనుమ నాడు కుక్కకూ ఓ పిండివంట

ప్రశ్న: సంక్రాంతికి అరిసెలు వండుతుంటే మా లాబ్రడార్ పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. ఓ ముక్క పెట్టొచ్చా? కనుమకు పశువులతో పాటు దాన్నీ అలంకరించొచ్చా?

జవాబు: అరిసె వద్దండి. అంత నూనె, బెల్లం పడక వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒక్కోసారి క్లోమం వాస్తుంది. పాయసంలో కిస్‌మిస్ ఇంకా ప్రమాదం, మూత్రపిండాలే దెబ్బతింటాయి.

దానికి విడిగా బిస్కెట్లు చేయండి. 2 కప్పుల గోధుమపిండి, ఉడికించి నీళ్లు వార్చి మెదిపిన తీపిగుమ్మడి అరకప్పు, ఒక గుడ్డు. ఉప్పు, తీపి అసలొద్దు. చపాతీపిండి కంటే గట్టిగా ఉండాలి. చేతికి అంటుకుంటోందంటే గుమ్మడిలో నీరు మిగిలినట్టే. ఇంకో రెండు చెంచాల పిండి వేయండి. అర సెంటీమీటరు మందాన ఒత్తి, బొటనవేలంత ముక్కలు కోసి, 175 డిగ్రీల ఓవెన్‌లో 30 నిమిషాలు కాల్చండి. ఆపేశాక గంటసేపు లోపలే వదిలేయండి. విరిస్తే టక్కుమనాలి, మధ్యలో మెత్తగా ఉంటే తొందరగా బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో వారం నిలవ. రోజుకు మూడు నాలుగు చాలు.

బంతిపూల దండ వేసి హారతివ్వండి, ముచ్చటే. బొట్టు మాత్రం కంటికి దూరంగా పెట్టండి. దండ ఐదు నిమిషాల్లో తీసేయాలి, దారం మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది.