ఆ అమ్మాయికి షీల్డు వద్దండీ

మీ సోరోరిటీ హౌస్‌లో, అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సంఘం కలిసి ఉండే ఇంట్లో, చెత్త వేరుచేయడం నుంచి కంపోస్టు దాకా ఒంటిచేత్తో నడిపిస్తున్న అమ్మాయిని ఎలా గౌరవించాలి, షీల్డు సరిపోతుందా అని అడిగారు. టెన్షన్ పడకండి, దారి ఉంది.

షీల్డు మాత్రం వద్దు. ప్లాస్టిక్ తగ్గించమని ఏడాదంతా బతిమాలిన మనిషి చేతిలో యాక్రిలిక్ ముక్క పెడితే మనసు చివుక్కుమంటుంది.

మీ శ్రమంతా నామినేషన్ లెటర్ మీద, అంటే అవార్డుకి ఆమె పేరు సూచిస్తూ కమిటీకి రాసే ఉత్తరం మీద పెట్టండి. 'పర్యావరణ ప్రేమికురాలు' అంటే కమిటీకి ఏమీ తెలియదు. పార్టీ మర్నాడు ఎర్ర ప్లాస్టిక్ కప్పులు ఏరి, అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకాన్ని చెప్పే 6 అంకె చూపించి, ఇవి చాలా ఊళ్లలో రీసైక్లింగ్‌కి తీసుకోరని చెప్పిందా? అదే రాయండి. వంటింటి కంపోస్టు బకెట్‌ని రెండు వారాలు తూకం వేసి, ఎన్ని పౌండ్లో కూడా రాయండి. 2001లో ఒహాయో, మయామి యూనివర్సిటీల మధ్య మొదలైన రీసైకిల్‌మేనియా అనే కాలేజీల రీసైక్లింగ్ పోటీ నడిచిందీ తూకం మీదే.

రోజంటారా, ఏప్రిల్ 22, ఎర్త్ డే. 1970లో ఆ తేదీని స్ప్రింగ్ బ్రేక్‌కీ ఫైనల్స్‌కీ మధ్య పడేలా ఎంచుకున్నది విద్యార్థుల కోసమే. ఆమె పేరున క్యాంపస్‌లో ఆ ప్రాంతపు చెట్టు ఒకటి నాటండి. అనుమతికి ఇప్పుడే అడగండి, ఆలస్యమవుతుంది. స్టేజీ ఎక్కడం ఆమెకు ఇష్టమో కాదో కూడా ముందే కనుక్కోండి.

ఆ వారం బకెట్ డ్యూటీ మీరంతా పంచుకోండి. మా హౌస్‌లో అలాగే చేశాం. ఖాళీ చేసి కడిగి బోర్లించిన బకెట్ చూసి మా దగ్గర ఆ పని చూసే అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.