అమ్మ ‘వద్దు’ వెనక ఏముందో ముందు వినండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. నాన్న లేరు. తొమ్మిది నెలల క్రితం మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలింది. విశాఖలో ఒక ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అని చెప్పి, అవయవదానం చేస్తారా అని అడిగారు. నేను సరేనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “గుండె కొట్టుకుంటున్న పిల్లాణ్ని కోస్తారా? రేపు కళ్ళు లేకుండా, గుండె లేకుండా పుడితే వాడి గతేంటి?” అని గోల పెట్టింది. మర్నాటికి గుండె కూడా ఆగిపోయింది. మా పెదనాన్నగారి అబ్బాయి కర్మ చేశాడు. అమ్మ శివభక్తురాలు, ఏటా శ్రీకాళహస్తి వెళ్తుంది. ఇప్పుడు నేను అవయవదానానికి పేరు ఇద్దామని ఫారం తెచ్చుకుంటే, అది చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మ మూఢనమ్మకం వల్ల ఎంతమంది చచ్చిపోయారో అనిపించి ఒక్కోసారి ఆవిడ ముఖం చూడబుద్ధి కావడం లేదు. నేను చేసేది తప్పా?

జవాబు: మీరు చేయాలనుకుంటున్నది తప్పు కాదు. మంచి పని. కానీ మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట ఒకటుంది. ‘అమ్మ వల్ల ఎంతమంది చచ్చిపోయారో’ అన్నారు. ఫారం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మాట సంగతి చూడాలి.

అమ్మ వల్ల ఎవరూ చనిపోలేదమ్మా. కిడ్నీ కోసం, లివర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు జబ్బుతో పోరాడుతున్నారు. వాళ్ళ కష్టానికి మీ అమ్మ కారణం కాదు. దానం అన్నాక కాదనే హక్కు కూడా ఉంటుంది. ఆసుపత్రివాళ్ళు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడిగేది అందుకే. కొడుకు పోయిన తల్లి మీద ఈ నింద కూడా వేయకండి, మనసులో కూడా.

ఆ రోజు ఐసీయూలో ఆవిడకి ఏం కనిపించిందో ఒక్కసారి తలుచుకోండి. కొడుకు ఛాతీ లేస్తోంది, దిగుతోంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. మానిటర్‌లో గీత పరుగెడుతోంది. అలాంటప్పుడు ఎవరో వచ్చి “మీ అబ్బాయి చనిపోయాడు” అంటే ఏ తల్లి నమ్ముతుంది? మన ఊళ్ళల్లో ఊపిరి ఆగితేనే చావు. ఒళ్ళు చల్లబడితేనే చావు. ఆవిడ మొదట అన్న మాట ‘గుండె కొట్టుకుంటున్న పిల్లాణ్ని’ అని. వచ్చే జన్మ మాట దాని తర్వాత వచ్చింది. మీరు రెండో మాటకి మూఢనమ్మకం అని పేరు పెట్టి, మొదటి మాటని వదిలేశారు. నాకు తెలిసి అసలు ప్రశ్న ఆ మొదటిదే. తొమ్మిది నెలలైనా దానికి ఆవిడకి ఎవరూ జవాబు చెప్పి ఉండరు.

ఆ జవాబు మీరు చెప్పవచ్చు. కోమాలో ఉన్నవాళ్ళ మెదడు ఎంతో కొంత పనిచేస్తూ ఉంటుంది, కొందరు కోలుకుంటారు కూడా. బ్రెయిన్ డెత్ అలాంటిది కాదు. మెదడులో ఊపిరిని నడిపే భాగంతో సహా అంతా శాశ్వతంగా ఆగిపోతుంది. ఛాతీని లేపేది వెంటిలేటర్. గుండెకి సొంతంగా కొట్టుకునే గుణం ఉంది కాబట్టి, మిషన్ గాలి అందిస్తున్నంతసేపు అది కొన్ని గంటలో, కొన్ని రోజులో కొట్టుకుంటుంది. మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వెంటిలేటర్ కాసేపు తీసి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, తనంతట తాను ఒక్క ఊపిరైనా తీసుకుంటాడేమో చూస్తారు. అవయవమార్పిడి చేసే డాక్టర్లు ఆ బృందంలో ఉండకూడదు. మీ తమ్ముడు అవయవదానం వల్ల పోయేవాడు కాదు, అప్పటికే పోయాడు. ఈ ముక్క మెల్లగా, నాలుగైదుసార్లు చెప్పాల్సి రావచ్చు. చెప్పండి. “నేనేమైనా తొందరపడి వాణ్ని వదిలేశానా” అనే దిగులు కూడా ఆవిడలో ఉంటే, దాన్నీ ఈ మాటే తగ్గిస్తుంది.

ఇక వచ్చే జన్మ సంగతి. కళ్ళు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారనే మాట మన దగ్గర చాలా ఇళ్ళల్లో వింటాను. కొట్టిపారేస్తే ఎవరూ మారరు. అయితే అమ్మ నమ్మేదాంట్లోనే దీనికి జవాబు ఉంది. కర్మ జరిగినప్పుడు మీరూ ఉండే ఉంటారు. పదిరోజులు పిండాలు పెడతారు కదా, అవి ఎందుకో పురోహితుణ్ణి అడగండి. మొదటి రోజు పిండంతో తల, రెండో రోజు దానితో మెడా భుజాలూ, మూడో రోజు గుండె, ఇలా రోజుకో భాగం చొప్పున పోయినవాళ్ళకి కొత్త శరీరం ఏర్పడుతుందని గరుడ పురాణం చెప్తుంది. కాష్ఠంలో కాలిన శరీరాన్ని వాళ్ళు వెంట తీసుకువెళ్ళరు. ఇంటివాళ్ళు శ్రద్ధగా పెట్టిన పిండంతోనే కొత్తది వస్తుంది. మీ తమ్ముడికి ఆ కర్మ లోటు లేకుండా జరిగింది. అవయవాలు ఇచ్చి ఉన్నా అలాగే జరిగేది. ఇది మీ నోటితో చెప్తే వాదన అవుతుంది. కర్మ చేయించిన పురోహితుడి చేత చెప్పించండి. ఆయన దీనికి ఒప్పుకునే మనిషో కాదో ముందు మీరొక్కరే వెళ్ళి కనుక్కోండి.

ఏటా వెళ్ళే శ్రీకాళహస్తిలోనే కన్నప్ప ఉన్నాడు. స్వామి కంట రక్తం కారుతుంటే బోయ తిన్నడు తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కన్ను కూడా తీయబోతుంటే స్వామే చెయ్యి పట్టుకుని ఆపాడు. కన్ను ఇచ్చినవాణ్ని గుడ్డివాణ్ని చేయలేదు, కన్నప్పా అని పిలుచుకున్నాడు. ఈ కథ అమ్మకి మీకంటే బాగా తెలుసు. మీరు గుర్తు చేయక్కర్లేదు కూడా. ఈసారి గుడికి మీరూ వెళ్ళండి, కొండ మీద ఉన్న కన్నప్ప గుడి దాకా ఇద్దరూ కలిసి ఎక్కండి.

(ఇతర మతాలవాళ్ళు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. రెండో జాన్ పాల్ పోప్ 2000లో అవయవదానాన్ని ప్రేమతో చేసే పనిగా మెచ్చుకున్నారు. 1988లో జెడ్డాలో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ షరతులతో అనుమతించింది, కాదనే పండితులూ ఉన్నారు. మీ ఇంట్లో ఎవరి మాట మీద గౌరవం ఉందో వాళ్ళనే అడగండి.)

ఒక్క మాట మాత్రం అమ్మతో అనకండి. యాక్సిడెంట్ కేసు కాబట్టి తమ్ముడికి ఎలాగూ పోస్ట్‌మార్టం జరిగి ఉంటుంది. “అప్పుడు మాత్రం కోయలేదా” అని కోపంలో నోరు జారేరు. మాట నిజమే కావచ్చు, కానీ ఆవిడ జన్మలో మరిచిపోదు.

‘ముక్కలు చేస్తారు’ అనే భయానికి నేను చూసింది చెప్తాను. మా అత్తగారు పోయినప్పుడు కళ్ళు ఇచ్చాం. ఆరు గంటల లోపల తీయాలి కాబట్టి, ఫోన్ చేయగానే ఏం చేయాలో చెప్పారు: ఫ్యాన్ ఆపండి, కళ్ళు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు ఎత్తుగా ఉంచండి. నేనే దూది తడిపి పెట్టాను. ఐబ్యాంక్ వాళ్ళు ఇద్దరు వచ్చి, దణ్ణం పెట్టుకుని, అరగంటలో పని ముగించి వెళ్ళారు. తర్వాత ఆవిడ నుదుట నేనే బొట్టు దిద్దాను. రెప్పలు మూసుకుని ఉన్నాయి. తెల్లారి వచ్చిన ఆడపడుచుకి మేం చెప్పేదాకా తెలియలేదు. మిగతా అవయవాల విషయంలోనూ ఆపరేషన్ థియేటర్‌లో తీసి, మామూలు ఆపరేషన్‌లాగే కుట్లు వేసి, శరీరాన్ని ఇంటివాళ్ళకి అప్పగిస్తారు. స్నానం, దహనం అన్నీ ఎప్పటిలాగే. అవయవదానానికయ్యే ఖర్చు దాత కుటుంబం దగ్గర తీసుకోకూడదని రూల్ ఉంది.

మీ ఫారం విషయానికొస్తే, దాని మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఒకరు దగ్గరి బంధువు. అది అమ్మే కానక్కర్లేదు, మీ భర్త చాలు. ఆధార్‌తో నోట్టో (అవయవదానం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. మీరు కార్డు తీసుకున్నా, ఆ సమయం వస్తే రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ కోఆర్డినేటర్ వచ్చి అడిగేది మీ ఇంటివాళ్ళనే. అప్పుడు పర్సులో కార్డు ఉందో లేదో ఎవరూ వెతకరు. “తను ఇలా అనుకునేది” అని మీ ఆయనకి గుర్తుండాలి. మీ ఉత్తరంలో ఆయన ప్రస్తావనే లేదు. ఆయనతో మాట్లాడారా? ఈ రాత్రికే మాట్లాడండి.

అమ్మ దగ్గర ఇప్పుడే ఫారం తీయకండి. ఆవిడకి అది మీ ఆశయంలా కనిపించదు, రెండో బిడ్డ చావు కాగితంలా కనిపిస్తుంది. మూడు నెలల్లో సంవత్సరికం వస్తుంది. అప్పటిదాకా తమ్ముడి గురించి ఆవిణ్ని మాట్లాడనివ్వండి. చిన్నప్పటి సంగతులు, ఆ రోజు ఆసుపత్రిలో ఏమైందో, ఏం చెప్తే అది. “నువ్వు వద్దన్నందుకు నాకు కోపం వచ్చిందమ్మా, ఇప్పుడు లేదు” అని చెప్పగలిగే రోజు వస్తే చెప్పండి, అబద్ధంగా మాత్రం వద్దు. తిండి, నిద్ర ఇలాగే తప్పుతుంటే డాక్టర్‌కి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మొదటిసారి మీరే చేయండి, మీకూ అవసరమే. తమ్ముడు మీకూ పోయాడు కదా.

సంవత్సరికం అయ్యాక మళ్ళీ రాయండి. అమ్మ ఏమందో నాకూ తెలుసుకోవాలనుంది.