ఫజీనా, ఆర్‌ఎల్‌నా? ముందు ఇన్‌పుట్లు చూడండి

బ్యాటరీకి సూపర్ కెపాసిటర్ (శక్తిని చాలా వేగంగా తీసుకుని, ఇచ్చేది) జోడించిన ఈవీలో ఆ రెంటి మధ్య పవర్ పంచడానికి ఫజీ లాజిక్ (‘తక్కువ’, ‘ఎక్కువ’ లాంటి మాటలతో రాసే రూల్స్) మంచిదా, రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (ఆర్‌ఎల్, ప్రయత్నిస్తూ తప్పొప్పుల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్) మంచిదా అని అడిగారు. నా ఓటు ఫజీకే. కానీ డిజైన్ దెబ్బతినేది ఆ ఎంపిక దగ్గర కాదు, కంట్రోలర్‌కి ఇచ్చే ఇన్‌పుట్ల దగ్గర.

ఒక్క బ్రేకింగ్ తీసుకోండి. 1500 కిలోల కారు, గంటకు 60 కి.మీ. వేగం: గతిశక్తి సుమారు 208 కిలోజౌళ్లు. 65 శాతం వెనక్కొస్తుందనుకుంటే 135. 48 వోల్టులు, 165 ఫారడ్ల మాడ్యూళ్లు మూడు సిరీస్‌లో పెడితే 144 వోల్టులు, 55 ఫారడ్లు. బ్రేక్ వేసేసరికే ఇవి నిండుగా ఉంటే ఆ శక్తంతా బ్యాటరీ మీదే పడుతుంది, కెపాసిటర్ ఉత్త మోత బరువు. అందుకే దాని టార్గెట్ వోల్టేజీని వేగానికి ముడిపెట్టాలి: గంటకు 60 కి.మీ. దగ్గర 126 వోల్టులు, 40 దగ్గర 136, బండి ఆగి ఉంటే 144. ఫజీకి కెపాసిటర్ వోల్టేజీ నేరుగా కాదు, ఈ టార్గెట్‌తో ఉన్న తేడా ఇవ్వండి. ఆ తేడా, పవర్ డిమాండ్, ఒక్కోదానికి మూడేసి లేబుళ్లు (తక్కువ, మధ్యస్థం, ఎక్కువ లాంటివి). తొమ్మిది రూల్స్‌తో పనైపోతుంది. బ్యాటరీ కమాండ్‌కి 5 నుంచి 10 సెకన్ల లో-పాస్ ఫిల్టర్ (వేగంగా మారే కుదుపుల్ని ఆపేది) పెట్టండి, లేదంటే కుదుపులన్నీ బ్యాటరీకే చేరతాయి. ఇంకోటి, 8 సెకన్లలో సమంగా ఆగే బండికి ఆ 65 శాతం లెక్కన మొదటి క్షణంలో 34 కిలోవాట్లు వస్తాయి, అంటే 126 వోల్టుల దగ్గర 270 ఆంపియర్లు. సగటు పవర్ చూసి ఎంచుకున్న డీసీ-డీసీ కన్వర్టర్ (కెపాసిటర్, బ్యాటరీల వేర్వేరు వోల్టేజీలను కలిపే పరికరం) ఇక్కడే చేతులెత్తేస్తుంది.

కరెంట్ సెన్సార్‌ని ఎవరూ పట్టించుకోరు. బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉందో దాని రీడింగులు కూడుతూనే లెక్కిస్తారు. అర ఆంపియర్ ఆఫ్‌సెట్ (ఎప్పుడూ ఉండే రీడింగ్ తప్పు) పది గంటల్లో 5 ఆంపియర్-అవర్ల తప్పు చూపిస్తుంది. 100 ఆంపియర్-అవర్ల ప్యాక్‌లో అది 5 శాతం ఎస్ఓసీ (బ్యాటరీలో ఉన్న ఛార్జ్ శాతం). ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ వోల్టేజీ ఛార్జ్ మధ్య స్థాయిల్లో దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి, వోల్టేజీ చూసి లెక్కను సరిదిద్దే కాల్మన్ ఫిల్టర్‌కీ అక్కడ పెద్దగా ఆసరా దొరకదు. బండి ఆన్ చేయగానే, కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే స్విచ్) మూసుకోకముందే సెన్సార్‌ని సున్నా చేయండి. ఎల్ఎఫ్‌పీ అయితే అప్పుడప్పుడు 100 శాతం దాకా ఛార్జ్ చేసి లెక్క సరిచేయాలి.

ఆర్‌ఎల్ పేపర్లతో నా తగాదా వేరే. ట్రైనింగూ, పరీక్షా రెండూ డబ్ల్యూఎల్‌టీసీ (ల్యాబ్ పరీక్షల్లో వాడే ప్రామాణిక వేగాల క్రమం) మీదే చేసి ఇంత శాతం ఆదా అంటారు. చివర బ్యాటరీ ఎస్ఓసీ, కెపాసిటర్ వోల్టేజీ మొదట్లో ఉన్నంతే ఉన్నాయా అన్నది రాయరు. అవి సమం కాకపోతే ఆ ఆదా అంకె చెల్లదు. పోలికకి అదే రూట్ మీద డైనమిక్ ప్రోగ్రామింగ్ (రూట్ మొత్తం ముందే తెలిస్తే అత్యుత్తమం ఎంతో లెక్కించే పద్ధతి) ఫలితం పక్కన పెట్టమనండి.

అయినా ఆర్‌ఎల్లే వాడతానంటే కరెంట్ పరిమితుల్ని దాని చేతికివ్వకండి. సున్నా డిగ్రీల కింద బ్యాటరీకి గట్టిగా రీజెన్ (బ్రేకింగ్‌లో వెనక్కొచ్చే కరెంట్) ఇస్తే ఆనోడ్ మీద లిథియం పేరుకుంటుంది. ఆ హద్దు బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే కంట్రోల్ వ్యవస్థ) టేబుల్ నుంచే రావాలి, ఆర్‌ఎల్ అవుట్‌పుట్‌ని దాని తర్వాతే కన్వర్టర్‌కి పంపాలి.